పాత సమాధి రాళ్ళకు ఏ దారి?



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా రాళ్ళ వెంట తిరిగారు. శాసనాలు చదివారు, అచ్చులు తీశారు, ఊరి బయట తుప్పల్లో పడి ఉన్న వీరగల్లుల్ని వెతికి నిలబెట్టించారు. పశువుల మందను దొంగల నుంచి విడిపించబోయి ప్రాణం పోగొట్టుకున్న కుర్రవాడి బొమ్మ ఒక ఊళ్ళో రేవు బండగా, ఇంకో ఊళ్ళో గుమ్మం ముందు మెట్టుగా మారిపోవడం ఆయన్ని ఎంత బాధపెట్టేదో ఇక్కడున్న చాలామందికి తెలుసు. ఆయన్ని బాధపెట్టిన ఆ సంగతి నుంచే ఈ ఏడాది విషయం ఎంచుకున్నాను. యుద్ధంలో పోయినవాడి పేరు మోసిన రాయి పాతబడి, దాని స్థానంలో కొత్త రాయి వచ్చాక ఆ పాత రాయిని ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్న ఏటా వేలసార్లు ఎదురయ్యే సంస్థ ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధం ఇంకా జరుగుతుండగానే, 1917 మే 21న, ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే పేరుతో పుట్టింది. 1960లో ‘ఇంపీరియల్’ పోయి ‘కామన్వెల్త్’ వచ్చింది. ఫేబియన్ వేర్ అనే ఆయన రెడ్‌క్రాస్ దళంతో ఫ్రాన్స్‌కు వెళ్ళి, ఎవరిని ఎక్కడ పూడ్చారో రాసిపెట్టే నాథుడే లేడని చూసి, తనే రాయడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకాల్లోంచి వచ్చిందే కమిషన్. ఇవాళ 150కి పైగా దేశాల్లో, సుమారు 23 వేల చోట్ల, రెండు ప్రపంచయుద్ధాల్లో చనిపోయిన 17 లక్షల మంది స్మృతి దాని చేతుల్లో ఉంది. మన దేశంలో కోహిమా, ఇంఫాల్, ఢిల్లీ, కిర్కీ, చెన్నై నందంబాక్కం శ్మశానవాటికలు దాని సంరక్షణలోవే. దక్షిణాదిలో, తూర్పున కంటోన్మెంట్ శ్మశానాల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండిపోయిన రెండో యుద్ధకాలపు సమాధుల్ని ఒకచోట చేర్చడానికి 1952లో నందంబాక్కం వాటిక ఏర్పాటు చేశారు. అంటే అక్కడ మనుషులే చోటు మారారు. రాళ్ళ సంగతి చెప్పాలా?

ఆ రాయి ఎలా ఉంటుందో ముందు చూద్దాం. ఫ్రాన్స్, బెల్జియంలలో ఎక్కువగా కనిపించేది ఇంగ్లండు దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ నుంచి తెచ్చిన తెల్లటి సున్నపురాయి. నేల పైన రెండడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, అడుగుంపావు వెడల్పు, మూడంగుళాల మందం. పైన పటాలం చిహ్నం. కింద సైనికుడి నంబరు, హోదా, పేరు, పోయిన తేదీ. ఆ కింద మతచిహ్నం. జనరల్‌కైనా వంటవాడికైనా అదే కొలత. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టరుగా ఉన్న ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఇచ్చిన నివేదికలో ఈ సమానత్వం కోసమే గట్టిగా పట్టుబట్టాడు. ధనవంతులు తమ బిడ్డకు పాలరాతి దేవదూతను నిలబెట్టి, పేదవాడి బిడ్డ పక్కన కర్రముక్కతో పడి ఉండకూడదన్నది ఆ ఆలోచన. శవాల్ని ఇంటికి తీసుకుపోవడానికీ వీల్లేదన్నారు. కొడుకు ఒంటినీ ఇవ్వక, తమకు నచ్చిన గుర్తునూ పెట్టుకోనివ్వకపోతే ఎలా అని ఎన్నో కుటుంబాలు మొరపెట్టుకున్నాయి. 1920 మే 4న బ్రిటిష్ పార్లమెంటులో దీని మీద పెద్ద చర్చే జరిగింది. కమిషన్ మాటే నెగ్గింది.

అయినా కుటుంబానికి ఒక్క చోటు వదిలారు. రాతి అడుగున, ఖాళీలతో కలిపి 66 అక్షరాలకు మించకుండా, ఇంటివాళ్ళు తమ మాట ఒకటి చెక్కించుకోవచ్చు. మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు, తర్వాత ఇష్టముంటే ఇవ్వండన్నారు. కెనడాలో ఆ ఖర్చు ప్రభుత్వమే భరించింది. డబ్బున్నవాడికే మాట దక్కుతుంది, అది సమానత్వం కాదని న్యూజిలాండ్ అసలు ఒప్పుకోలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రాతిలో తొంభై పాళ్ళు ప్రభుత్వానిదైతే, అడుగున ఉన్న ఆ ఒక్క వాక్యం తల్లిదో భార్యదో. ఉత్తరాలు రాయడం సరిగ్గా రాని తల్లి కూడా ఆ 66 అక్షరాల కోసం లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పాత రాయి ఎవరి సొత్తు అని వాదన వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ అడుగు వాక్యమే.

పోర్ట్‌లాండ్ రాయి అందంగా ఉంటుంది, చెక్కడానికి లొంగుతుంది, కానీ వాన దాన్ని తింటుంది. కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు అడుగున పేరుకున్న రాయి కాబట్టి అందులో ఆల్చిప్పల ముక్కలుంటాయి. పైపొర కరిగేకొద్దీ అక్షరాల అంచులు మొద్దుబారతాయి, ఆ ఆల్చిప్పలు గరగరగా పైకి తేలతాయి. చేత్తో తడిమితే పేరుకన్నా ముందు అవే తగులుతాయి. దాని మీద నాచు, బూజు. కొన్నాళ్ళ వరకు రాయిని కదపకుండా అక్కడే అక్షరాల్ని మళ్ళీ లోతుగా చెక్కుతారు. ఇక చెక్కడానికి మందం చాలదనుకున్నప్పుడు, లేదా పగిలినప్పుడు, లేదా పేరులో తప్పు దొరికినప్పుడు రాయినే మారుస్తారు. ఉత్తర ఫ్రాన్స్‌లో అరాస్ పక్కన బోరాఁ అనే చోట కమిషన్ పనిశాల ఉంది. 2019 నుంచి సందర్శకులు లోపలికి వెళ్ళి కొత్త రాళ్ళు తయారవడం చూడొచ్చు. అరిగిన పోర్ట్‌లాండ్ రాయి స్థానంలో ఇటలీ నుంచి తెచ్చిన బొత్తిచినో రాయిని పెట్టడం కూడా చాలాచోట్ల జరుగుతోంది. అది ఇంకాస్త గట్టిది.

కొత్త రాయి ఎలా పుడుతుందో చూడటానికి జనం వెళతారు. పాత రాయి ఎలా పోతుందో చూడటానికి ఎవరూ వెళ్ళరు. పేరు కనబడకుండా పగలగొట్టి, కంకరగానో పునాది రాయిగానో వాడటం ఇలాంటి సంస్థల మామూలు పద్ధతి. వినగానే గుండె కలుక్కుమంటుంది. నాకూ అలాగే అయింది. కానీ ఆ పద్ధతి వెనక ఉన్న భయం నిజమైనది, దాన్ని కొట్టిపారెయ్యలేం. పేరున్న రాయి బయటికొస్తే ఏమవుతుందో అమెరికాలో చూశారు. 2010 జూన్‌లో, ఆ దేశంలో అన్నిటికన్నా పవిత్రంగా చూసుకునే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో, ఒక చిన్న వాగు గట్టు కోసుకుపోకుండా పరిచిన రాళ్ళలో పాత సమాధి రాళ్ళు కనిపించాయి. వాటి నిండా బురద. కొన్నింటి మీద పేర్లు చదవడానికి వస్తున్నాయి. అప్పటికే అక్కడ సమాధుల లెక్కలు తారుమారయ్యాయని సైనిక విచారణలో బయటపడి దేశం కోపంగా ఉంది. దాని మీద ఇది. అక్కడ ప్రభుత్వం ఇచ్చిన సమాధి రాయి ఎప్పటికీ ప్రభుత్వ ఆస్తే. మార్చినప్పుడు పాతదాన్ని చదవడానికి వీల్లేకుండా చెయ్యాలన్నదే నియమం. ఎప్పుడో ఎవరో ఆ పని సగంలో వదిలేశారు. సగంలో వదిలేసిన ఆ రాళ్ళే వాగు గట్టున తేలాయి.

అందుకని ‘కుటుంబాలకు ఇచ్చెయ్యండి, గొడవే ఉండదు’ అనేవాళ్ళతో పూర్తిగా కలవలేను. ఇచ్చిన రాయి రెండు తరాలు ఇంట్లో ఉంటుంది. మూడో తరం ఇల్లు అమ్ముకుంటుంది. ఆ తర్వాత అది పాత వస్తువుల వేలంలో తేలుతుంది, ఎవరి తోటలోనో బెంచీ కింద ఆనుతుంది. కొనుక్కున్నవాడికి దాని మీద ఏ బాధ్యతా ఉండదు. పైగా ఒకే మనిషికి రెండు చోట్ల సమాధి రాయి ఉంటే, నూరేళ్ళ తర్వాత వచ్చిన పరిశోధకుడు ఏది అసలు సమాధో తేల్చుకోలేక తికమకపడతాడు. మాస్టారు ఉంటే ఈ మాటకు గట్టిగా తలూపేవారు. చోటు తప్పిన శాసనం ఎంత నష్టం చేస్తుందో ఆయనకు తెలుసు.

అయితే కుటుంబాలకు ఇవ్వడం అనే పద్ధతి ఒకప్పుడు కమిషనే పాటించింది. ఈ చర్చలో ఎక్కువమంది మరచిపోయే అధ్యాయం అది. యుద్ధం జరుగుతుండగా సమాధుల మీద ఉన్నవి రాళ్ళు కావు, చెక్క శిలువలు. సన్నటి లోహపు పట్టీ మీద అక్షరాలు గుద్ది, దాన్ని చెక్కకు మేకులతో కొట్టేవారు. వానకు తడిసి, గుండ్లు తగిలి చీలి, కొన్నింటికి తోటి సైనికులే పెన్సిల్‌తోనో రంగుతోనో పేరు రాసి ఉండేవి. 1920లలో వాటి స్థానంలో రాళ్ళు వచ్చాయి. 1923 నాటికి వారానికి నాలుగు వేల రాళ్ళు ఫ్రాన్స్‌కు వెళ్ళేవి. తీసేసిన ఆ చెక్క శిలువ కావాలా అని కమిషన్ కుటుంబాలకు రాసింది. రవాణా ఖర్చు పెట్టుకుంటే పంపింది. వచ్చినవాటిలో చాలా ఊరి చర్చి గోడకెక్కాయి. ఇవాళ్టికీ ఇంగ్లండు పల్లెటూరి చర్చిల్లో అవి కనిపిస్తాయి. అడుగున ఫ్రాన్స్ మట్టి మరక, ఎంత లోతున దిగేసి ఉందో చెబుతూ. ఎవరూ అడగని శిలువల్ని తగలబెట్టి, ఆ బూడిదను అదే శ్మశానవాటిక నేల మీద చల్లారు.

ఆ పని చేసినవాళ్ళ మనసు నాకు నచ్చుతుంది. ముందు అడిగారు. అడిగాక మిగిలినదాన్ని బయటికి పోనివ్వలేదు, ఆ నేలలోనే కలిపారు. నూరేళ్ళ కిందటి గుమాస్తాలకు తట్టిన మర్యాద ఇవాళ రాతి విషయంలో తట్టకపోవడానికి కారణం లేదు.

మన గుళ్ళలో జీర్ణోద్ధరణ జరిగేటప్పుడు చేసే క్రమాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. మూలవిరాట్టు పగిలిందో అరిగిందో అయితే పూజారి దాన్ని ఊరికే లాగి పారెయ్యడు. కళాకర్షణ చేస్తారు. విగ్రహంలోని కళను కలశంలోకి తీసుకుంటారు, బాలాలయంలో పూజ సాగిస్తారు, కొత్త బింబం సిద్ధమయ్యాక అందులో ప్రతిష్ఠిస్తారు. అప్పుడు పాత విగ్రహాన్ని లోతు నీళ్ళలో విడుస్తారు. దాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోరు, అమ్మరు, మెట్టుగా వెయ్యరు. అలాగని అది ఇంకా దేవుడే అని పట్టుకుని వేలాడరు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది వరస. ముందు బదిలీ, తర్వాత వీడ్కోలు. సమాధి రాతి దగ్గర ఆ బదిలీ అయ్యేది పేరు. కొత్త రాతి మీద పేరు నిలబడిన తర్వాతే పాత రాతికి విడుదల.

రాయి లేకుండా పేరు బతికిన సందర్భం మనవాళ్ళదే ఒకటుంది. బెర్లిన్‌కు దక్షిణంగా వున్స్‌డోర్ఫ్‌లో మొదటి యుద్ధంలో జర్మన్లు ఒక బందీల శిబిరం నడిపారు. హాల్బ్‌మోండ్‌లాగర్ అంటే అర్ధచంద్ర శిబిరం. జర్మనీలో మొదటి మసీదు 1915లో అక్కడే, బందీల కోసం కట్టారు. చలికీ జబ్బులకూ చనిపోయిన భారతీయుల్ని పక్కనే జెహ్రెన్స్‌డోర్ఫ్‌లో పూడ్చారు, రెండు వందల పైచిలుకు మంది. రెండో యుద్ధం తర్వాత ఆ ప్రాంతం సోవియట్ సైన్యం శిక్షణ స్థలమైంది. సమాధుల దగ్గరికి వెళ్ళే దారే లేదు. 1964లో కమిషన్ ఆ పేర్లను ఒక కంచు పలక మీద పోతపోయించి, ఫ్రాన్స్‌లో న్యూవ్ షాపెల్‌లోని భారతీయ సైనికుల స్మారకానికి చేర్చింది. జర్మనీ ఏకమయ్యాక శ్మశానవాటికను బాగుచేసి 2005లో మళ్ళీ అంకితం చేశారు. నలభై ఏళ్ళపాటు ఆ మనుషుల్ని మోసింది వేరే దేశంలోని ఒక కంచు పలక.

ఇక నా సూచన చెబుతాను. మామూలుగా అరిగి మారిన రాయి విషయంలో మూడు పనులు జరగాలి. తీసే ముందు ముందువైపు, అడుగు వాక్యంతో సహా, ఏటవాలు వెలుతురులో ఫోటో తీసి ఆ సైనికుడి రికార్డుకు జతచెయ్యాలి. కుటుంబం ఎక్కడుందో తెలిసినచోట ఒక ఉత్తరం రాయాలి. రాయి ఇవ్వడానికి కాదు, ఫలానా నెలలో మారుస్తున్నాం, రాగలిగితే రండి, ఫోటో కావాలంటే పంపుతాం అని చెప్పడానికి. ఆ తర్వాత అక్షరాల్ని ఉలితో తీసేసి, రాతిని పగలగొట్టి, అదే శ్మశానవాటికలో కొత్త రాళ్ళను నిలబెట్టే కాంక్రీటు దిమ్మ కింద పునాదిగా వెయ్యాలి. నడకదారి కింద మాత్రం వెయ్యకూడదు. హిందూ సైనికుల రాళ్ళ మీద ‘ఓం భగవతే నమః’ అని దేవనాగరిలో ఉంటుంది, ముస్లిం సైనికుల రాళ్ళ మీద అల్లా క్షమను చెప్పే అరబిక్ మాట ఉంటుంది. ముక్కలైనా సరే, వాటి మీద మనుషులు చెప్పులతో నడవడం ఏ కుటుంబమూ ఓర్చుకోలేదు. దిమ్మ కింద పడితే ఆ సైనికుడి రాయి అతని వరసలోని వాళ్ళ రాళ్ళనే మోస్తూ ఉంటుంది. లారీకెక్కించి ఊరి బయటి కంకర గుట్టలో కలపడం కన్నా దీనికి ఖర్చు పెద్దగా ఎక్కువ కాదు.

ఇంతవరకూ నిజం చెప్పి అరిగిపోయిన రాళ్ళ సంగతి. నిజం చెప్పని రాళ్ళ దగ్గరికి వస్తే నా మాట పూర్తిగా తిరగబడుతుంది.

రడ్యార్డ్ కిప్లింగ్ కొడుకు జాన్ 1915 సెప్టెంబరులో లూస్ యుద్ధంలో, పద్ధెనిమిదేళ్ళ వయసులో మాయమయ్యాడు. కళ్ళు సరిగ్గా కనపడని కుర్రవాడికి పలుకుబడి వాడి సైన్యంలో చోటిప్పించింది తండ్రే. తర్వాత ఆయన కమిషన్‌కు సాహిత్య సలహాదారుగా పనిచేశాడు. ఎవరో తెలియని సైనికుల రాతి మీద, ఇతనెవరో దేవుడికే తెలుసన్న అర్థంలో చెక్కే మాట ఆయన ఎంచి ఇచ్చిందే. కొడుకు ఎక్కడున్నాడో తెలియకుండానే 1936లో పోయాడు. 1992లో కమిషన్, హెస్నె దగ్గరి ఒక వాటికలో ‘ఐరిష్ గార్డ్స్ లెఫ్టినెంట్, ఎవరో తెలియదు’ అని ఉన్న సమాధి జాన్‌దేనని తేల్చి, అతని పేరుతో కొత్త రాయి పెట్టింది. ఆ నిర్ణయం మీద చరిత్రకారులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ గుర్తింపు ఒప్పే అయితే, తండ్రి ఇచ్చిన మాట కొడుకు తల దగ్గరే డెబ్భై ఏళ్ళు నిలబడి ఉందన్నమాట, ఇద్దరిలో ఎవరికీ తెలియకుండా. అలాంటి రాయిని అరిగిన రాయితో కలిపి పగలగొట్టకూడదు. గుర్తింపు తప్పని రేపు తేలితే మళ్ళీ అదే రావాలి. ఒప్పని తేలితే, ఒక మనిషి ఎంతకాలం పేరు లేకుండా పడి ఉన్నాడో చెప్పే సాక్ష్యం అదొక్కటే. పేరు దొరికిన ప్రతి అజ్ఞాత సైనికుడి పాత రాయినీ కమిషన్ భద్రపరచాలి.

ఇంకొక రకం ఉంది, మనకు బాగా దగ్గరిది. సమానత్వం అని కెన్యన్ రాసిన మాట యూరప్ దాటాక చాలాచోట్ల ఆగిపోయింది. న్యూవ్ షాపెల్‌లో మన సిపాయిల పేర్లున్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకంలో లేవు. 1929 మార్చిలో ఆవిష్కరించిన ఆ స్మారకం మెసపటోమియాలో పోయిన, సమాధి తెలియని 40 వేల మందికి పైగా సైనికులది. బ్రిటిష్ సైనికులకు పేర్లు చెక్కారు, భారతీయ అధికారులకు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల దగ్గరికి వచ్చేసరికి పటాలం పేరు రాసి, కింద ఎంతమందో అంకె వేశారు. మద్రాస్ సాపర్లు మెసపటోమియాలో పనిచేశారు. గోదావరి, కృష్ణ, విశాఖ జిల్లాల పల్లెల నుంచి కూడా ఆ దళంలో చేరేవారు. ఆ అంకెల్లో మనవాళ్ళున్నారు. రిజిస్టర్లలో పేరుండీ రాతి మీద అంకెగా మిగిలారు.

2021 ఏప్రిల్‌లో కమిషన్ తానే వేసిన కమిటీ నివేదిక బయటపెట్టింది. 45 వేల నుంచి 54 వేల మందిని అసమానంగా స్మరించారని, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 వరకు, పేరుతో స్మరణే దక్కలేదని, లేదా ఏ స్మరణా దక్కలేదని అందులో ఉంది. ఎక్కువమంది భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు. ఈ జనం సమాధులకూ పేర్లకూ పెద్దగా విలువివ్వరన్న అప్పటి అధికారుల నమ్మకం దీనికి ఒక కారణం. కమిషన్ క్షమాపణ చెప్పింది, బ్రిటిష్ ప్రభుత్వమూ చెప్పింది. పల్నాడులో కారెంపూడి వీరుల ఆయుధాలైన కొణతాలను వందల ఏళ్ళుగా కార్తీకంలో బయటికి తీసి పూజించే జనం పేర్లకు విలువివ్వరట.

1997లో ఇరాక్ ప్రభుత్వం బస్రా స్మారకాన్ని ఊడదీసి, ఊరి బయట నాసిరియా దారిలో దాదాపు 32 కిలోమీటర్ల దూరానికి మార్చింది. తర్వాత యుద్ధాలు. పలకలు దెబ్బతిన్నాయి. ఎప్పుడో ఒకప్పుడు వాటిని మార్చక తప్పదు. అప్పుడు సిపాయిల పేర్లతో కొత్త పలకలు రావాలని మనం అడగాలి, ఎలాగూ అడుగుతాం. నేను ఇంకొకటి కూడా అడగమంటున్నాను. అంకెలున్న ఆ పాత పలకల్ని పగలగొట్టవద్దు, పునాదిలో వెయ్యవద్దు. ఒక్కటైనా కమిషన్ ప్రధాన కార్యాలయంలో, ఒక్కటైనా మన దేశంలో, జనం చూసేచోట నిలబెట్టాలి. కొత్త పలక మాత్రమే మిగిలితే, పేర్లు మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయని రేపటివాళ్ళు అనుకుంటారు.

కమిషన్‌కు పంపడానికి ఒక వినతిపత్రం ముసాయిదా తయారుచేశాను. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, హాలు బయట బల్ల మీద ఉన్నాయి. చదివి, మార్చాల్సినవి ఉంటే పక్కన రాయండి. మీ ఊరి నుంచి మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్ళి తిరిగిరానివాళ్ళ పేర్లు ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిసి ఉంటే, పటాలం పేరుతో సహా వెనక కాగితంలో చేర్చండి.